ఆలస్యంగా మోగిన చప్పట్లు

నవరాత్రులొస్తే సూరత్‌లో రెండు రకాల పాటలు వినిపిస్తాయి. లింబాయత్ వైపు వెళ్తే, నల్గొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మన పద్మశాలీ ఆడపడుచులు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లతోనే తాళం వేసుకుంటారు. పార్టీ ప్లాట్లలో జరిగే గర్బాలకు డ్రమ్స్, కీబోర్డు, బేస్ గిటారు, గుండెలదిరే స్పీకర్లు. బతుకమ్మలో పాట ఎత్తుకునేది ఆడగొంతే. గర్బా వేదికల మీద కూడా ఇవాళ పెద్ద పేర్లలో ఆడవాళ్లవి చాలానే ఉన్నాయి. గుజరాతీల ‘దాండియా క్వీన్’ ఫల్గుణీ పాఠక్ చణియా చోళీ జోలికి పోదు. ప్యాంటూ చొక్కా, పొట్టి క్రాపుతో వేదికెక్కి వేలమందిని గంటల తరబడి తిప్పుతుంది. ఆవిడను రాక్ స్టార్ అనకపోతే ఇంకెవరిని అంటాం?

ఆడవాళ్ల పేరిట సూరత్ ఖాతాలో ఒక రికార్డు కూడా ఉంది. 1931 మార్చి 14న విడుదలైన మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ కథానాయిక జుబేదా పుట్టింది ఈ ఊళ్లోనే. తల్లి ఫాత్మా బేగం 1926లోనే ‘బుల్‌బుల్-ఎ-పరిస్తాన్’ తీసి దేశంలో తొలి మహిళా దర్శకురాలు అనిపించుకుంది. జుబేదా తర్వాత హైదరాబాద్ ధన్‌రాజ్‌గిర్ల ఇంటి కోడలైంది. ఆ రెండు సినిమాల్లో ఒక్కదాని ప్రింటు కూడా ఇప్పుడు లేదు.

ఇక రాక్ సంగతి. ఈ సంగీతంలో ఆడవాళ్ల రికార్డులు తిరగేస్తే చాలావరకు ఎదురుచూపుల రికార్డులే తగులుతాయి. పాట అప్పుడెప్పుడో పాడారు, పేరు ఎప్పటికో వచ్చింది.

అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది సిస్టర్ రోజెటా థార్ప్ గురించి. 1915లో అమెరికాలోని ఆర్కన్సాలో పుట్టిన నల్లజాతి అమ్మాయి. చర్చి పాటల్ని ఎలక్ట్రిక్ గిటారు మీద ఊపేసింది. రాక్ హేమాహేమీలు ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీలకు అదే పాఠమైంది. 1951 జులై 3న ఆవిడ పెళ్లి వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ బేస్‌బాల్ స్టేడియంలో జరిగింది. అది మూడో పెళ్లి. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు దాదాపు 25,000 మంది! తమాషా ఏమిటంటే, నిర్వాహకులతో కాంట్రాక్టు ముందు కుదిరింది, వరుడు తర్వాత కుదిరాడు. ప్రమాణాలు కాగానే పెళ్లికూతురు అదే పెళ్లిగౌనులో గిటారు తగిలించుకుని కచేరీ మొదలుపెట్టింది. ఆ పెళ్లిని డెక్కా కంపెనీ రికార్డు చేసి మార్కెట్లో అమ్మింది కూడా. మన పెళ్లి వీడియోలు చూడమంటేనే బంధువులు తప్పించుకు తిరుగుతారు!

1964లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, వాడకం మానేసిన ఒక రైల్వేస్టేషన్‌లో ఆవిడ చేత టీవీవాళ్లు పాడించారు. ఒక ప్లాట్‌ఫాం మీద శ్రోతలు, పట్టాలకు ఇవతలి ప్లాట్‌ఫాం మీద గాయని. గుర్రబ్బండి దిగి వచ్చింది. వాన పడుతోంది. ఖరీదైన కోటు వేసుకుని, తెల్ల గిటారు మీటుతూ వాన పాటే ఎత్తుకుంది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. చూడనివాళ్లు చూడండి, ఆ చేతివేళ్లు చూస్తే చాలు. 1973లో ఆవిడ పోయాక సమాధి మీద పేరు చెక్కించడానికే దశాబ్దాలు పట్టింది. రాక్ సంగీతకారులను గౌరవించే ‘రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్’ 1986లో తొలి జాబితా ప్రకటిస్తే అందులో ఒక్క ఆడపేరు లేదు. మరుసటి ఏడు అరీతా ఫ్రాంక్లిన్‌తో ఆ తలుపు తెరుచుకుంది. థార్ప్‌కు చోటు దక్కింది మాత్రం 2018లో, పోయిన 45 ఏళ్లకు.

బిగ్ మామా థార్న్‌టన్‌ది ఇంకా చేదు కథ. ‘హౌండ్ డాగ్’ అనగానే అందరికీ ఎల్విస్ గుర్తొస్తాడు. ఆ పాట ముందు థార్న్‌టన్‌దే. 1953లో ఆమె రికార్డు రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 7 వారాలు అగ్రస్థానంలో ఉంది. చేతికొచ్చింది 500 డాలర్లేనని ఆమె చెప్పుకునేది. ఎల్విస్ పాడింది 1956లో. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన మొదటి జాబితాలోనే ఉన్నాడు, ఆమె 2024లో చేరింది. అప్పటికి ఆమె చనిపోయి 40 ఏళ్లు.

బతికుండగానే లెక్క సరిచేసుకున్నది టీనా టర్నర్. కొట్టే భర్త నుంచి 1978లో విడాకులు తీసుకున్నప్పుడు ఆస్తిలో వాటా అడగలేదు, వేదిక మీది పేరు మాత్రం వదులుకోలేదు. 1984లో 44 ఏళ్ల వయసులో అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అంత వయసులో ఆ స్థానం దక్కించుకున్న మహిళ అప్పటికి మరొకరు లేరు. 1988 జనవరిలో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో ఆమె కచేరీకి టికెట్ కొన్నవాళ్లు 1,80,000కు పైనే. ఒక్క కళాకారిణి కోసం అంత జనం రావడం అప్పట్లో గిన్నిస్ రికార్డు.

ఎదురుచూపులో అసలైన రికార్డు బ్రెండా లీది. 1958లో, 13 ఏళ్ల వయసులో ‘రాకింగ్ అరౌండ్ ద క్రిస్మస్ ట్రీ’ పాడింది. అది అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వచ్చింది 2023 డిసెంబరులో. మధ్యలో 65 ఏళ్లు! గాయనికి 79 నిండడానికి రెండు రోజులు తక్కువ. బ్రిటన్‌లో కేట్ బుష్ ఇంత కాకపోయినా 37 ఏళ్లు ఆగింది. 1985 నాటి ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ను ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్ పుణ్యమా అని కుర్రకారు ఎత్తుకోవడంతో 2022లో నంబర్ వన్ అయింది.

మనవాళ్ల సంగతికొస్తే ఉషా ఉతుప్. 1969లో మద్రాసు మౌంట్ రోడ్డులోని నైన్ జెమ్స్ నైట్‌క్లబ్‌లో మొదలుపెట్టింది. పట్టుచీర, పెద్ద బొట్టు, చేతినిండా గాజులు. ఆ వేషంతోనే పాప్, జాజ్ పాడుతూ 55 ఏళ్లు గడిపాక 2024లో పద్మభూషణ్ వచ్చింది. సూరత్ లాంటి చీరల ఊళ్లో ఉంటున్నాం కాబట్టి ఆవిడంటే మాకు కాస్త పక్షపాతం ఉంటే ఉంది. శ్రీనగర్‌లో ‘ప్రగాశ్’ అనే ముగ్గురు పదో తరగతి అమ్మాయిల రాక్ బృందానికి మాత్రం అన్ని ఏళ్లు ఇవ్వలేదు. 2012 డిసెంబరులో వేదికెక్కారు. 2013 ఫిబ్రవరిలో ఫత్వా వచ్చింది, గిటార్లు మూలన పెట్టేశారు.

తెలుగింటి పేరు ఒకటి అమెరికా రాక్‌లో దాక్కుని ఉంది. ఫాల్ అవుట్ బాయ్ బృందం 2014లో తెచ్చిన ‘సెంచురీస్’ పాట రచయితల్లో ఒకరు శ్వేత యల్లాప్రగడ రావు. రాజకుమారి పేరుతో ర్యాప్ పాడే అమ్మాయే. కాలిఫోర్నియాలో పుట్టి, చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. పాట బిల్‌బోర్డ్‌లో 10వ స్థానం దాకా వెళ్లింది. అదే పాటలో పదేపదే వచ్చే కూనిరాగం సుజాన్ వేగా ‘టామ్స్ డైనర్’ నుంచి తీసుకున్నది. వేగా 1987లో ఏ వాద్యమూ లేకుండా ఒట్టి గొంతుతో పాడిన పాట అది. జర్మన్ ఇంజనీరు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ఎంపీ3 తయారుచేస్తూ ఆ పాటను కుదించి చూస్తే గొంతు గరగరలాడిపోయింది. అది శుభ్రంగా వినిపించేదాకా అదే పాట మళ్లీ మళ్లీ పెట్టి లెక్కలు సరిచేశాడు. అందుకే వేగాను ‘ఎంపీ3కి అమ్మ’ అంటారు. పదీ ఇరవై రూపాయలిస్తే సెల్‌ఫోను షాపువాడు మెమొరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చిన రోజులు గుర్తున్నాయా? మరమగ్గాల మోతలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఘంటసాలను విన్నవాళ్లంతా ఆ అమెరికా అమ్మాయికి కొంచెం బాకీ.

ఈ వరసలో అందరికంటే నాకు నచ్చిన మనిషి కెరోల్ కే. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో గిటారు వాయించేది. 1963లో ఒకరోజు బేస్ గిటారు వాయించాల్సినాయన రాకపోతే ఈవిడే అందుకుంది, ఇక వదల్లేదు. దాదాపు 10,000 రికార్డింగుల్లో ఆమె చెయ్యి ఉందని అంచనా. అట్టల మీద పేరు వేయనివే ఎక్కువ. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఎట్టకేలకు ఆమెను ఎంపిక చేశారు. అప్పటికి ఆమెకు 90 ఏళ్లు. స్టూడియో పని నలుగురూ కలిసి చేసేది, నా ఒక్కదానికే ఈ గౌరవమెందుకని, రానని చెప్పేసింది.