పడావు చెల్కలలో పెరుగు చెట్లు - నేలలోని కర్బనము

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపట్ల గ్రామములలో ఒకప్పుడు జొన్న, కంది, ఆముదము పండిన చెల్కలు అనేకము నేడు పడావు పడియున్నవి. ప్లాట్లుగా అమ్ముడుపోయి ఇండ్లు లేవనివి కొన్ని; బోరు ఎండియో, కూలీలు దొరకకయో విడిచినవి కొన్ని. కొన్ని వానకాలములు గడచునప్పటికి వానిలో గడ్డి, తంగేడు, పిమ్మట సర్కారు తుమ్మ, వేప, రేగు తమంతట తామే లేచును. ఇట్టి భూమిని మరల సాగుకు తేదలచిన రైతులు, చెట్లు పెరిగినవి గనుక నేల బలపడినదనియు, వానిని కొట్టి కాల్చి దున్నిన చాలుననియు తలచుచుందురు. ఇందులో సగమే నిజము.

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి పెరుగును. ఎండిన ఆకులోను, కట్టెలోను ఇంచుమించు సగము కర్బనమే. అయితే అందులో పెద్ద భాగము చెట్టులోనే యుండును గాని మట్టిలో చేరదు. రాలిన ఆకును సూక్ష్మజీవులు తిని, మన ఎండలకు ఏడాది రెండేండ్లలో అందలి కర్బనమును చాలవరకు తిరిగి గాలిలో కలుపును. మిగిలిన కొద్దిపాటియే మట్టిరేణువుల నంటి నిలుచును. బంకపాలు హెచ్చుగా నున్న నల్లరేగడి దానిని గట్టిగా పట్టుకొనును. ఇసుకపాలు హెచ్చైన మన చెల్క అంతగా పట్టజాలదు.

లెక్క చూడుడు. ఎకరములో ఆరంగుళముల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగును. అందులో సేంద్రియ కర్బనము 0.1 శాతము పెరుగవలెనన్న 900 కిలోలు నిలువవలెను. రాలినది కాదు, నిలిచినది. భూసార పరీక్షలో 0.5 శాతమునకు లోబడిన నేలను తక్కువ తరగతిలో చేర్చుదురు; మన చెల్కలు తరచు అందులోనివే. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ క్షేత్రమున 1882లో గోధుమ చేనిలో కొంత భాగమును కోయక విడువగా అది అడవియైనది. నూరేండ్లలో పైమట్టి కర్బనము రెట్టింపునకు మించినది. అది చల్లని దేశము, పైగా నిప్పు, మేకల బాధ లేనిది. మన పడావులో వేసవి మంటలు ఆకునంతను బూడిద చేయుచున్నవి.

అయినను చెట్లవలన మేలు లేకపోలేదు. వాన దెబ్బకు పైమట్టి కొట్టుకొనిపోదు. (పోయిన మట్టినే గదా పూడికగా చెరువునుండి ట్రాక్టర్లతో తిరిగి తోలుకొనుచున్నాము!) చేరిన కర్బనము ముఖ్యముగా పై రెండు మూడంగుళములలో నుండును. యంత్రముతో పైమట్టిని గట్టుకు నెట్టించినచో ఏండ్ల సంపాదన ఒక పూటలో పోవును. కాల్చినచో బూడిదలోని పొటాషు, సున్నము ఒకటి రెండు పంటలకు పనికివచ్చును గాని కర్బనము, నత్రజని పొగలో పోవును. పలుమార్లు దున్నినను మట్టి గుల్లలు విరిగి, దాగియున్న కర్బనము సూక్ష్మజీవులకు చిక్కును.

కనుక కట్టెను మాత్రము తీసికొని, ఆకు, లేత కొమ్మలు చేనిలోనే పరచవలెను. సర్కారు తుమ్మను మోడుతోసహా పెకలింపవలెను. లేనిచో మరల చిగిర్చును. గట్టుమీది వేపలనుంచుడు. తొలి వానకు వాలుకు అడ్డముగా ఒక్క దుక్కి చేసి, మొదటి పంటగా కందిగాని, ఉలవగాని వేయుట మంచిదని నా అభిప్రాయము.

చెట్లు కొట్టుటకు ముందే మట్టి పరీక్ష చేయించుడు. పై ఆకును త్రోసివేసి, ఆరంగుళముల లోతున చెట్లక్రింద ఎనిమిది పది చోట్ల తీసిన మట్టి ఒక సంచి, బయలున తీసినది వేరొక సంచి చేయవలెను. రెండును కలిపినచో ఆ ఫలితము ఏ మడికిని సరిపడదు.