ఇంట కట్టిన బండి చట్రము

కవిటి తోటలలో కొబ్బరికాయల బస్తాలు మోయు ఎడ్లబండిని ఒకసారి పరిశీలింపుడు. రెండు పొడవైన కఱ్ఱలు, వాటిని కలుపు అడ్డకఱ్ఱలు, క్రింద ఇరుసు కనిపించును. పైన ఎంత బరువు వేసినను, దానిని భరించి చక్రములకు అందించునది ఈ కఱ్ఱల అల్లికయే. మోటారుబండిలో ఇదే పనిచేయు ఉక్కు అల్లికకు చట్రము, లేదా ఛాసిస్ అని పేరు. లారీ చట్రము నిచ్చెనను పోలియుండును: రెండు నిలువు దూలములు, నడుమ అడ్డదూలములు.

ఇట్టి చట్రమును ఇంటివద్దనే సరిచేసికొను వేడుక అమెరికాలో ప్రబలినది. 1930 దశకమున కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లలోని అనవసర భాగములను తీసివేసి, ఇంజనుకు మెరుగులు దిద్ది, ఎండిన సరస్సుల నేలపై పందెములు నడిపిరి. అట్టి బండ్లకు హాట్ రాడ్ అను పేరు స్థిరపడినది. ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో 1932లో వచ్చిన ఫోర్డు కారు వారికి మిక్కిలి ప్రియమైనది. మన తెలుగువారిలో హైదరాబాదు నివాసి కన్యాబోయిన సుధాకర్ క్రికెట్ బ్యాటు, వంకాయ, బూటు ఆకారములలో నడిచే కార్లను చేతితో తయారుచేసిరి. 2005లో ఆయన నడిపిన మూడుచక్రముల సైకిలు, 41 అడుగులకు మించిన ఎత్తుతో, గిన్నెస్ రికార్డు పొందినది. పై ఆకారము ఏదైనను, లోపలి చట్రము ప్రకృతి నియమములకు లోబడియే తీరవలెను.

మొదటి నియమము వంపుకు సంబంధించినది. చెక్క స్కేలును రెండు పుస్తకములపై పరచి నడుమ నొక్కినచో సులభముగా వంగును. దానినే అంచుపై నిలబెట్టి నొక్కినచో దాదాపు వంగదు. చెక్క అదే, బరువు అదే. మరి తేడా ఎక్కడిది? వంగిన దూలములో పైభాగము కుంచించుకొనును, క్రిందిభాగము సాగును, నడిమి పొర ఉన్నట్లే ఉండును. కావున నడుమనున్న పదార్థము కంటె పై, క్రింది అంచులలోని పదార్థమే ఎక్కువగా ఎదిరించును. దీర్ఘచతురస్రపు దూలము ఎత్తును రెట్టింపు చేసినచో బరువు 2 రెట్లే అగును, వంపును ఎదిరించు దృఢత్వము 8 రెట్లగును.

రెండవది మెలి. ఒక ముందుచక్రము గోతిలో దిగినచో, తడిబట్టను పిండినట్లు చట్రము మెలిపడును. దళసరి కాగితమును గొట్టముగా చుట్టి, అంచులు అతికించి, మెలిత్రిప్పి చూడుడు. తరువాత గొట్టమును నిలువునా ఒకచోట చీల్చి మరల త్రిప్పుడు. చీలిన గొట్టము చేతిలో ఇట్టే తిరిగిపోవును. 50 మిల్లీమీటర్ల వ్యాసము, 2 మిల్లీమీటర్ల మందముగల ఉక్కుగొట్టములో ఈ తేడా 400 రెట్లకు పైమాటే! ఉక్కు ఏమాత్రము తగ్గలేదు. గొట్టము మూసియుండుటకు, తెరచియుండుటకు గల భేదమే ఇది.

లారీ దూలములు సాధారణముగా ఒకవైపు తెరచియుండును. గతుకుల బాటలో కొంత మెలిపడుటకు అది అనుకూలమే. వేగముగా పోవు చిన్న కారులో అట్లు మెలిపడినచో చక్రముల వరుస తప్పును, బండి త్రోవ మారును. అందుచేతనే హాట్ రాడ్ కట్టువారు పాత ఫోర్డు దూలముల తెరచిన వైపున ఉక్కు రేకును అతికి, పెట్టెవలె మూసివేయుదురు.

ఖరీదైన ఉక్కు వాడినచో చట్రము వంగదని కొందరు భ్రమపడుదురు. సాధారణపు ఉక్కుకును, మేలిరకపు ఉక్కుకును యంగ్ గుణకము ఇంచుమించు ఒక్కటే, సుమారు 200 గిగాపాస్కలులు. మేలిరకము తెగుటకు ఎక్కువ బలము కావలెనుగాని, వంగుటలో తేడా స్వల్పమే.

మూడవది అతుకు. వెల్డింగు వేడికి కరగిన లోహము చల్లారునప్పుడు కుంచించుకొని, దూలములను తనవైపు లాగును. కావున ముందు బల్లపరుపు నేలపై అన్నిటిని బిగించి, చిన్నచిన్న చుక్కల అతుకులు మాత్రమే వేయవలెను. పిదప ఎదురెదురు మూలలను కలుపు రెండు కర్ణములను కొలువవలెను. ఎదుటి భుజములు సమానములై, కర్ణములు కూడ సమానమైననే మూలలు లంబకోణములు. అది సరిపడిన తరువాతనే పూర్తి అతుకులు, అవియును ఒకసారి ఈవైపు, ఒకసారి ఆవైపు వేయుదురు.

అతుకు ప్రక్కనే మరియొక అపాయము పొంచియుండును. ఇనుపతీగను మాటిమాటికి వంచినచో విరిగిపోవునుగదా? అట్లే, ఒక్కసారి భరించిన బరువునే లక్షసార్లు కుదుపుతో భరింపవలసివచ్చినచో, అతుకు అంచున సన్నని బీట పుట్టి, పెరిగి, ఒకనాడు హఠాత్తుగా తెగును. దీనినే లోహముల అలసట అందురు. ఉద్దానము వంటి తీరమున ఉప్పుగాలి తుప్పును త్వరితపరచి, బీటలకు దారితీయును. ఖాళీ గొట్టముల కొనలు మూసి, అతుకులకు రంగు వేసి, వాటిని తరచు పరీక్షించుట అవసరము.

ఇంట కట్టిన చట్రము తెగినచో నష్టము కట్టినవానికే పరిమితము కాదు. బండిలో కూర్చున్నవారు, ఎదురుగా వచ్చువారు కూడ ప్రాణాపాయమున పడుదురు. తయారీదారు నిర్దేశమునకు, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల శాసనపు 52వ సెక్షను చెప్పుచున్నది. అమెరికాలో సయితము వీధిపందెముల నుండి యువకులను మరలించి, నియమములుగల పందెపుబాటలకు తెచ్చుటకై 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘము ఏర్పడినది.

బడిపిల్లలు వెదురుపుల్లలతో, దళసరి కాగితముతో నమూనా చట్రములు కట్టి, ఇసుకసంచులు వేసి పరీక్షింపవచ్చును. ఏది ముందు వంగినదో, ఏ అతుకు ముందు వీడినదో వ్రాసికొనవలెను. అక్కడ విరిగిన పుల్ల ఎవరికిని హాని చేయదు. రోడ్డుమీద విరుగకుండ ఉక్కును ఎట్లు అమర్చవలెనో మాత్రము నేర్పును.