చిగుళ్ళనుండి నెత్తురు ఏల వచ్చును?

సికింద్రాబాదు దండునకు చెందిన బేగంపేటలో, ఒక చిన్న సైనిక వైద్యశాలయందు, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ పొట్టను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అంతకు ముందు ఆ జ్వరము చెడుగాలివలన వచ్చునని లోకులు నమ్మియుండిరి. మలేరియా యను మాటకు ఇటాలియను భాషలో చెడుగాలి యనియే అర్థము. గాలిపై మోపబడిన నేరము నాటినుండి దోమమీదికి మారినది. రాసునకు 1902లో నోబెల్ బహుమానము లభించినది.

అట్టి అపనింద యొకటి మన యిండ్లలో నేటికిని మిగిలియున్నది. పండ్లు తోముకొనునపుడు చిగుళ్ళనుండి నెత్తురు కనబడినచో “ఒంట్లో వేడి చేసినది” అందురు. మజ్జిగ త్రాగుదురు, సబ్జా గింజలు నానవేసి త్రాగుదురు, నెత్తురు వచ్చిన చోట తోముట మానివేయుదురు. మజ్జిగవలనను సబ్జాగింజలవలనను కీడు లేదు. తోముట మానుట మాత్రము వ్యాధికి పిలిచి పీట వేయుట వంటిది. ఏలయనగా ఆ నెత్తురునకు కారణము వేడి కాదు, పాచి.

పన్ను గోడలో దిగగొట్టిన మేకువలె దవడ యెముకలో బిగిసియుండదు. దాని వేరునకును ఎముకకును నడుమ సన్నని నారలు వేలకొలది యుండి, దానిని ఉయ్యాలను త్రాళ్ళు పట్టినట్లు పట్టియుంచును. ఆ నారలను, ఎముకను కప్పి కాపాడునది చిగురు. ఆరోగ్యవంతమైన చిగురు గట్టిగా నుండి, మెల్లగా తోమినపుడు నెత్తురు కార్చదు. పంటికిని చిగురు అంచునకును మధ్య ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల లోతుగల సన్నని సందు ఉండును. వ్యాధి కథయంతయు ఈ సందులోనే జరుగును.

కోనేటి మెట్లపై జారుడుగా పట్టుదానిని పాచి యందురు. తెల్లవారి లేచునప్పటికి పండ్లపై జిగటగా పట్టుదానిని కూడ పాచియే యందురు. రెండింటికి ఒకే పేరు పెట్టిన మన పెద్దలు సూక్ష్మదర్శిని నెరుగరు. కాని వారి పోలిక మిక్కిలి సరియైనది. రెండును సూక్ష్మజీవులు గుంపుకట్టి, జిగురు పరచుకొని, ఒకచోట కాపురముండుటచే ఏర్పడినవే. హాలెండు దేశమున డెల్ఫ్ట్ నగరవాసియగు లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు, తాను చేసికొన్న కటకములతో తన పంటిపాచిని పరీక్షించి, అందు కదలాడు జీవులను గూర్చి 1683లోనే లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. కోనేటి మెట్టుమీద కడవెడు నీళ్ళు పోసినంతమాత్రమున పాచి పోదు, రుద్దవలెను. పుక్కిలించుటచే మాత్రమే పంటిపాచి పోకపోవుటకు కారణమిదియే.

ఈ పాచియే చిగుళ్ళ వాపునకు మూలమని సందేహమునకు తావులేకుండ తేల్చిన పరీక్ష యొకటి డెన్మార్కు దేశమున ఆర్హుస్ నగరమున జరిగినది. హెరాల్డ్ లో అను దంతవైద్యుడును ఆయన సహచరులును ఆరోగ్యమైన చిగుళ్ళుగల పండ్రెండుగురిని పండ్లు తోముకొనుట పూర్తిగా మానవలసినదిగా కోరిరి. వారిలో పెక్కుమంది దంతవైద్య విద్యార్థులే. పది దినములు మొదలు ఇరువదియొక దినములలోపల పండ్రెండుగురికిని చిగుళ్ళు ఎఱ్ఱబారి వాచినవి. మరల తోముట ప్రారంభింపగా వారము పది దినములలో వాపు తగ్గినది. 1965లో ప్రకటింపబడిన ఈ పరీక్షలో ఒంటి వేడిని తగ్గించు మందు గాని, ప్రత్యేకమైన పథ్యము గాని యేదియు లేదు. పాచి పెరుగనిచ్చిరి, వ్యాధి వచ్చినది; తీసివేసిరి, పోయినది.

అయితే నెత్తురు ఏల వచ్చును? సూక్ష్మజీవులు విడుచు విషములు చిగురునకు సోకగానే, శరీరము వానిని ఎదుర్కొనుటకై అచ్చటికి నెత్తురును అధికముగా పంపును. సన్నని రక్తనాళములు ఉబ్బి, పైపొర పలుచనై, కుంచె తగిలినంతనే చిట్లును. ఈ దశలో వ్యాధి పూర్తిగా నయమగును. అశ్రద్ధ చేసినచో పాచి లాలాజలములోని సున్నపు పదార్థమును పీల్చుకొని గారగా గట్టిపడును. గార గరుకైనది, దానిపై క్రొత్త పాచి సులభముగా పట్టును. సందు లోతై సంచివలె తయారగును. నారలు తెగును, ఎముక కరుగును. కరగిన యెముక తనంతట తాను తిరిగి పెరుగదు.

ఇందలి మోసమేమనగా, ఇంత జరుగుచున్నను సాధారణముగా నొప్పి యుండదు. పుచ్చిన పన్ను రాత్రి నిద్రపోనీయక మనిషిని వైద్యునియొద్దకు ఈడ్చుకొనిపోవును. చిగుళ్ళ వ్యాధి ఏండ్ల తరబడి నోరు మెదపదు. పన్ను కదలునప్పటికి దాని పునాది చాల భాగము పోయియుండును. “వయస్సు మీరినది, పండ్లు ఊడుట సహజమే” యని సరిపెట్టుకొనువారు పెక్కురు. ఆ ఊడినవానిలో కాపాడదగినవి ఎన్నియో!

పాచి అందరికిని పట్టుచుండగా అందరి పండ్లును ఒకే తీరుగా ఏల ఊడవు? సింహళదేశపు తేయాకు తోటలలో పండ్లు తోముకొను అలవాటేలేని 480 మంది పురుష కార్మికులను ముందు చెప్పిన హెరాల్డ్ లో బృందము 1970 మొదలు 1985 వరకు పరీక్షించుచు వచ్చినది. అందరి నోళ్ళలోను పాచియు గారయు సమృద్ధిగా నున్నవి. అయినను నూటికి ఎనిమిదిమందికి వ్యాధి వేగముగా ముదిరినది. ఎనుబదియొక్కరికి మధ్యమముగా సాగినది. పదునొకండుగురికి చిగుళ్ళ వాపును దాటి పోలేదు. దోమ లేనిదే మలేరియా లేదు. కాని నిలువనీరున్న పేటలో దోమ యొక్క పంట అధికము. అట్లే పాచి కారణముకాగా, దానికి దోహదము చేయునవి వేరే కలవు. పుట్టుకతో వచ్చు శరీరతత్త్వము అందొకటి. దానిని మార్చలేము.

మార్చదగిన దోహదములలో మొదటిది పొగాకు. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా — ఏ రూపమైనను ఒక్కటే. పొగాకు చిగుళ్ళకు రక్షణశక్తిని తగ్గించును. గాయము మానుటను ఆలస్యము చేయును. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. పొగ త్రాగువారి చిగుళ్ళలో రక్తనాళములు ముడుచుకొనుటచే, వ్యాధి ముదిరియున్నను నెత్తురు అంతగా కనబడదు. దొంగ ఇంట దూరగా కాపలాకుక్క నోరు కట్టివేసినట్లగును. ఉత్తరాంధ్ర సముద్రతీరమున కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుట కలదు. అది చిగుళ్ళను మించి అంగిటిని కాల్చి, పుట్టకురుపునకు కూడ దారితీయును. 2003నాటి చట్టము ననుసరించి పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్ముట నేరము. విద్యాలయమునకు నూరు గజముల లోపల అమ్ముటయు నేరమే.

రెండవది మధుమేహము. రక్తములో చక్కెర అదుపులో లేనివారికి చిగుళ్ళ వ్యాధి త్వరగా ముదురును. ముదిరిన చిగుళ్ళ వ్యాధి చక్కెరను అదుపుచేయుటను కష్టతరము చేయును. కావున ఇంట మధుమేహమున్న పెద్దలు నోటిని గూడ పరీక్ష చేయించుకొనుట యుక్తము. గర్భిణులకును, పదుమూడు పదునాలుగేండ్ల బాలబాలికలకును శరీరమునందలి మార్పులవలన కొద్దిపాటి పాచికే చిగుళ్ళు వాచును. మూర్ఛకు వాడు ఫెనిటోయిన్ వంటి కొన్ని మందులు చిగుళ్ళను పెంచును. అంతమాత్రమున వైద్యుని అడుగక మందు మానరాదు.

ఆహారలోపము మాటకు వచ్చినచో, సికింద్రాబాదు చెంతనున్న తార్నాకను తలంపవలెను. 1918లో కూనూరులో చిన్నదిగా ప్రారంభమై, 1958లో ఇచ్చటికి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. సి విటమిను బొత్తిగా లోపించినచో చిగుళ్ళు మెత్తబడి నెత్తురు కారును. ఆ రోగమును నిమ్మ, నారింజ పండ్లు పోగొట్టునని జేమ్స్ లిండ్ అను నౌకావైద్యుడు 1747లోనే చూపెను. ఉసిరియు జామయు దొరకు మన దేశమున ఆ విటమినునకు కొరత రానక్కరలేదు. కాని ఎన్ని ఉసిరికాయలు తినినను పంటిపై పాచి అట్లే యుండనిచ్చినచో చిగుళ్ళ వ్యాధి ఆగదు.

తోముటకు మెత్తని కుంచె శ్రేష్ఠము. చక్కగా నమలి మెత్తబరచిన వేపపుల్లయు పనికివచ్చును. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటిని అరుగదీసి చిగురును గీరును. ఉదయముకంటె రాత్రి పండుకొనబోవు ముందు తోముట ముఖ్యము; నిద్రలో లాలాజలము తగ్గి పాచికి అడ్డుండదు. మన యిండ్లలో తప్పిపోవునది ఈ రాత్రిపూటయే.

గట్టిపడిన గార కుంచెకు లొంగదు. దంతవైద్యుడు పనిముట్లతో తీయవలెను. గార తీయించినచో పండ్లు వదులగునని యొక భయము గలదు. అది యెట్లు పుట్టెనో తెలిసికొనుట కష్టము కాదు. ఎముక కరగిన పండ్ల నడుమ గార రాతికట్టువలె పేరుకొని వానిని కదలనీయక పట్టియుంచును. వైద్యుడు దానిని తీయగనే పండ్లు కదలుచున్నట్లును, సందులు పడినట్లును తోచును. ఆ సందులు గార క్రింద అంతకు ముందే యున్నవి.