ఆపిల్ తోటలో పని, ఆ ఇంట్లోనే భోజనం

ఆస్ట్రేలియాలో, టాస్మానియాలోని హ్యూఆన్ లోయలో జూలై నెల అంటే గట్టి చలి. ఆకు రాలిన ఆపిల్ చెట్లకు కొమ్మలు కత్తిరించడం నా పని. రోజుకు 4 నుంచి 6 గంటలు పనిచేస్తే గది, భోజనం ఇస్తారు. చేతికి డబ్బు రాదు. ఈ పద్ధతినే ‘వూఫ్’ అంటారు.

1971లో లండన్‌లో సెక్రటరీగా ఉన్న స్యూ కొపార్డ్ పల్లెగాలి కోసం తపించి, వారాంతాల్లో ససెక్స్‌లోని సేంద్రియ పొలంలో పనికి మనుషుల్ని కూడగట్టింది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్న ‘వూఫ్’ అలా పుట్టిందే.

నేను గుంటూరు మిర్చి చేలల్లో పెరిగినదాన్ని. ఆపిల్ చెట్టు నడిమికి ఎండ చేరాలంటే ఏ కొమ్మ తీసేయాలో నేను బస చేసిన ఇంటి పెద్దావిడ పక్కన నిలబడి నేర్పింది. మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరే నా కంచం. మా ఊళ్లో కూలికి వచ్చేవాళ్లకు దక్కని చోటు అది. నా దృష్టిలో జీతం కన్నా అదే ఎక్కువ.

జీతం లేదు కాబట్టి టూరిస్ట్ వీసా చాలనుకోకండి. న్యూజిలాండ్‌లో తిండికీ బసకూ బదులుగా చేసేదీ ఉద్యోగం కిందే లెక్క. ఆస్ట్రేలియా 2024లో 18–30 ఏళ్ల భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసా తెరిచింది. ఏటా 1,000 మందికే, అదీ లాటరీలో. నేను వెళ్లింది దానిమీదే. రెండో ఏడాది వీసాకు మాత్రం జీతంలేని పొలం పని పనికిరాదు.

బయల్దేరే ముందే పని గంటలెన్ని, సెలవు ఎప్పుడు, గదికి లోపల గడియ ఉందా అన్నవి అడిగి, జవాబు రాతలో తీసుకోండి.