చోడవరమునకు సైకిలు బాట కావలెనా?



చెరకు నరకు కాలములో ఒక ఉదయము చోడవరము - అనకాపల్లి రోడ్డు ప్రక్కన నిలిచి చూడుడు. చెరకు నింపిన ట్రాక్టరు తొట్టి వచ్చును. గడలు ఇరుప్రక్కల పొడుచుకొని యుండును. దాని వెనుక బస్సు, ఆ రెంటిని దాటిపోవుటకు తొందరపడు మోటారు సైకిలు. వీటికిని రోడ్డు అంచునకును నడుమ మిగిలిన మూరెడు చోటులో ఒక బడిపిల్ల సైకిలు తొక్కుకొని పోవుచుండును. ఆ పిల్ల మన ఇంటి పిల్లయే. ఆ చెరకును మన చేనిదే. కాబట్టి సైకిళ్లకు వేరు బాట కావలెనా అను ప్రశ్న ఇంజనీర్లు మాత్రమే ఆలోచింపదగినది కాదు. గ్రామసభలో మనమును చర్చింపదగినది.

దూరమును బట్టి ఆలోచన

చోడవరము 2022 ఏప్రిల్ 4వ తేది వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఆనాడు కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. కనుక బెల్లము అమ్ముకొనుటకే గాక, జిల్లా కార్యాలయముల పనులకు గూడ మనము అనకాపల్లికి పోవలసి యున్నది. అది సుమారు 20 కిలోమీటర్లు. విశాఖపట్టణము 50 కిలోమీటర్లకు చేరువ.

మామూలుగా సైకిలు తొక్కువాడు గంటకు 12 మొదలు 15 కిలోమీటర్లు పోగలడు. ఆ లెక్కను విశాఖకు మూడు గంటలకు పైగా పట్టును. దినమును ఎవరును అట్లు పోయి రాలేరు. అనకాపల్లికి గంటన్నర పట్టును. అదియు కొందరికే సాధ్యము. కాని చుట్టుపట్ల ఊళ్లనుండి చోడవరము బడికి, సంతకు, బస్సుస్టాండుకు పోవు అయిదారు కిలోమీటర్ల దారి అరగంటలో ముగియును. సైకిలు నిజముగా పనికివచ్చు దూరమిదే.

ఈ మధ్య బ్యాటరీతో నడచు సైకిళ్లు వచ్చినవి. 250 వాట్ల శక్తికిని, గంటకు 25 కిలోమీటర్ల వేగమునకును మించని వాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. ఇవి ఊళ్లలో వ్యాపించినకొలది అనకాపల్లి దూరము గూడ అందుబాటులోనికి వచ్చును.

ఇతరులు చేసిన పని

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి 2023 అక్టోబరు 1న ప్రారంభించినారు. దాని వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన సౌరఫలకముల కప్పు వేసి 16 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తికి ఏర్పాటు చేసినారు. చూడముచ్చటైన నిర్మాణమే. కాని దానికి పెట్టిన పేరే ఆరోగ్యమునకు సంబంధించినది. వ్యాయామమునకు వచ్చువారిని దృష్టిలో నుంచుకొన్నది. మన అవసరము వేరు. మనకు బడి, పొలము, సంత ముఖ్యము.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 2012లో శివారు పట్టణమైన ఆల్బర్ట్స్‌లండ్ నుండి నగరమునకు మొదటి దూరపు సైకిలు మార్గము తెరచినారు. దూరములో అది మన అనకాపల్లి దారిని పోలినదే. వారు దారియంతయు కొత్తగా వేయలేదు. అంతకుముందే ఉన్న తునకలను బాగుచేసి, తెగినచోట్ల కలిపి, ఒక్కటిగా చేసినారు. మనము నేర్చుకొనదగిన పాఠమిది.

మన దేశములో బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు డబ్బు ఇచ్చుట మొదలుపెట్టినది. దీనిపై 2017లో వెలువడిన పరిశోధన ప్రకారము బడిలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినది. బడికి 3 కిలోమీటర్లకు మించిన దూరములోనున్న ఊళ్లలో ఫలితము మరింత హెచ్చుగా కనబడినది. సైకిలు ఆడపిల్లకు చదువునిచ్చినది. ఆ సైకిలు పోవు దారి క్షేమముగా లేనిచో తల్లిదండ్రులు దానిని వాకిట నిలిపివేయుదురు.

ఎంత భూమి పట్టును?

మూడు మీటర్ల వెడల్పు బాటకు కిలోమీటరుకు 3,000 చదరపు మీటర్లు, అనగా సుమారు 74 సెంట్లు పట్టును. అనకాపల్లి వరకు ఒక ప్రక్కన వేసినను దాదాపు 15 ఎకరములు కావలెను. రోడ్డు ప్రక్క భూమి విలువ మీకు తెలిసినదే. చిన్న కమతముగల రైతుకు పది సెంట్లు పోయినను దెబ్బయే.

కాబట్టి మొదట చేయవలసినది భూసేకరణ కాదు, సర్వే. గ్రామ పటము తీసి, రోడ్డు పోరంబోకు ఎంతవరకున్నదో, అందులో ఎంత ఆక్రమణలో నున్నదో గ్రామాధికారులు తేల్చవలెను. ఉన్న ప్రభుత్వ స్థలములోనే రెండు మీటర్ల గట్టి అంచు వేయగలిగినచో రైతు భూమి ముట్టనక్కరలేదు. తప్పనిసరియై భూమి తీసికొనవలసివచ్చినచో 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము పరిహారము చెల్లింపవలెను.

లెక్క కట్టు విధము

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లో ఒక కొలత చెప్పినది. గంటకు 100 నుండి 200 మోటారు వాహనములు నడచు దారిలో, రద్దీవేళ గంటకు 400 సైకిళ్లున్నచో వేరు బాట వేయవచ్చును. మోటారు వాహనములు 200 దాటినచో 100 సైకిళ్లున్నను చాలును. ఈ లెక్కకు పెద్ద ఖర్చు లేదు. ఇద్దరు యువకులను కాగితము, పెన్సిలుతో ఉదయము 8 మొదలు 10 గంటల వరకు రోడ్డు ప్రక్కన కూర్చుండబెట్టుడు. చెరకు కాలములో మూడు దినములు, వానకాలములో మూడు దినములు లెక్కించినచో అర్జీకి బలము చేకూరును.

ఒక్క మెలకువ మరువరాదు. భయముచేత సైకిలు మానివేసినవారు ఈ లెక్కలోనికి రారు. రోడ్డుమీద సైకిళ్లు తక్కువగా నున్నవి గనుక బాట అక్కరలేదనుట, ఏటిలో నడచువారు లేరు గనుక వంతెన వలదనుట వంటిది. కనుక బడిలో గూడ విచారింపవలెను: సైకిలుండియు దానిపై రానివారెందరు? ఎందుచేత?

“ఇప్పుడందరికిని మోటారు సైకిళ్లేగదా” అని కొందరందురు. 2011 జనాభా లెక్కలలో దేశమున 44.8 శాతము కుటుంబములకు సైకిలు ఉండెను. తరువాత మోటారు సైకిళ్లు పెరిగిన మాట నిజమే. అయినను పదునాలుగేండ్ల పిల్లకు లైసెన్సు రాదు. కూలికి పోవువానికి పెట్రోలు ఖర్చు భారము. మిగిలిన సైకిళ్లు వీరివే.

బాట వేసిన చాలదు

నున్నని బాట కనబడిన వెంటనే ధాన్యము ఆరబోయుట, పశువులను కట్టుట, బండ్లు నిలుపుట మన అలవాటు. అట్లయినచో సైకిళ్లు మరల పెద్ద రోడ్డెక్కును; పెట్టిన ఖర్చు వ్యర్థమగును. కళ్లమునకు వేరు స్థలము చూపి, బాటను ఖాళీగా నుంచు బాధ్యతను పంచాయతీ వహింపవలెను. కల్వర్టుల దగ్గర బాట సన్నగిల్లరాదు, అచ్చటనే ప్రమాదము. నీరు పోవుటకు కాలువ, నీడకు వేప, కానుగ చెట్లు వేయవలెను.

మా అభిప్రాయము

విశాఖ వరకు ఒకే పెద్ద బాట కోరుట ఇప్పటికి తగదు. మొదట చోడవరము చుట్టును అయిదారు కిలోమీటర్ల లోపు ఊళ్లనుండి బడులకును, బస్సుస్టాండుకును క్షేమమైన అంచులు వేయవలెను. బస్సుస్టాండులో సైకిళ్లు భద్రపరచుటకు చోటుండవలెను. అక్కడినుండి బస్సుపై అనకాపల్లికి, అనకాపల్లినుండి రైలుపై విశాఖకు పోవచ్చును. ఆ తునకలు నిండుగా వాడుకలోనికి వచ్చిన పిదప అనకాపల్లి వరకు కలుపుటను గూర్చి ఆలోచింపవచ్చును.

ప్రభుత్వము చేయువరకు ఆగనక్కరలేని పని ఒకటున్నది. ఈ చెరకు కాలమునకు ముందే మీ ట్రాక్టరు తొట్టి వెనుక ఎర్రదీపమును, మెరయు ఎర్ర బిళ్లలను బిగించుడు. గడలను తొట్టి అంచు దాటకుండ కట్టుడు. బడివేళ ఒక గంట ఆగి బండి కదల్చుడు. ఆ గంటలో మీ చెరకు ఎండిపోదు. రోడ్డు అంచున పోవు పిల్ల క్షేమముగా బడికి చేరును.