ఆయాసం తగ్గట్లేదు.. ఊదే టెస్ట్ మాత్రం నార్మల్! ఐఎల్‌డీలో ఈ మెలిక తెలుసా?

నెల్లూరు తీరంలోని తోటపల్లి గూడూరు వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలే వానలు. గడ్డివామి పైన ఎండినట్టే ఉంటుంది.. అడుగున బూజు పట్టేస్తుంది. ఆ గడ్డి లాగి పశువులకు వేసేటప్పుడు లేచే దుమ్ము కొందరి ఊపిరితిత్తులకు అస్సలు పడదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో జ్వరం, దగ్గు, ఆయాసం. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి కాబట్టి వానకు తడిసిన జ్వరమేలే అనుకుంటారు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే జ్వరం రాకపోయినా ఆయాసం మాత్రం ఉండిపోతుంది.

దీన్నే డాక్టర్లు ఫార్మర్స్ లంగ్ అంటారు. హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్‌లో ఇదో రకం. అది ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్, అంటే ఐఎల్‌డీ కుటుంబంలోని జబ్బు. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల మధ్య ఉండే పలుచని కణజాలం వాచి, మచ్చలు పడి గట్టిపడుతుంది. తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌ను 2024 డిసెంబర్‌లో బలి తీసుకున్నది కూడా ఈ కుటుంబంలోనిదే.. ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్.

మరి మెలిక ఎక్కడ?

ఊదే టెస్ట్‌లో, అంటే స్పైరోమెట్రీలో, మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అని చూస్తారు. మొదటి సెకను గాలి మొత్తంలో 70 శాతం కంటే తగ్గితే గొట్టాల్లో అడ్డంకి ఉన్నట్టు. ఆస్తమా, సీఓపీడీల్లో కనిపించేది ఇదే. ఐఎల్‌డీలో సీన్ రివర్స్. గొట్టాలు బాగానే ఉంటాయి, ఊపిరితిత్తే సాగదు. మొత్తం గాలి తగ్గుతుంది కానీ ఆ శాతం నార్మల్‌గానే ఉంటుంది.

అయితే కొందరిలో రెండూ ఉంటాయి. ఫార్మర్స్ లంగ్‌లో సన్న గొట్టాలు కూడా వాచి గాలి లోపలే చిక్కుకుపోతుంది. సార్కాయిడోసిస్‌లోనూ అడ్డంకి రావచ్చు. గూడూరు, సైదాపురం గనుల్లాంటి చోట (ఈ గూడూరు వేరు, తోటపల్లి గూడూరు వేరు) రాతి ధూళి పీల్చేవాళ్లకు వచ్చే సిలికోసిస్‌లోనూ అంతే. ఇలాంటి రిపోర్ట్ చూసి ఆస్తమా అనుకుంటే, అసలు జబ్బు బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి. టీబీ అని పొరబడటమూ మన దగ్గర మామూలే.

పొగతాగేవాళ్లలో ఇంకో తిరకాసు ఉంది. కొందరికి ఊపిరితిత్తుల పైభాగం ఎంఫిసీమాతో వదులైపోతుంది, కిందిభాగం మచ్చలతో బిగుసుకుపోతుంది. ఒకదాని లెక్కను ఇంకోటి కొట్టేస్తుంది. రిపోర్ట్ దాదాపు నార్మల్.. మనిషి మాత్రం పది మెట్లు ఎక్కలేడు! గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి ఎలా చేరుతోందో అంచనా వేసే డీఎల్‌సీఓ టెస్ట్, హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ చేస్తేనే గుట్టు బయటపడుతుంది.

ఇన్‌హేలర్ గొట్టాల అడ్డంకిని కొంత తగ్గించొచ్చు, మచ్చల్ని మాత్రం ఆపలేదు. అలాగని సొంతంగా మానేయకూడదు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ లాంటి మందులు కొన్ని రకాల్లో మచ్చలు పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి, ఉన్నవాటిని చెరపలేవు. ఫార్మర్స్ లంగ్‌లో మొదట్లోనే ఆ దుమ్ముకు దూరమైతే కోలుకునే అవకాశం బాగా ఉంటుంది.

ఇది పల్లెల గొడవే అనుకోవద్దు. 2017లో వచ్చిన ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీలోని 1,084 మందిలో 47.3 శాతం హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ కేసులే. వాళ్లలో చాలామంది ఎయిర్ కూలర్లు వాడినవాళ్లు.

అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్తే దగ్గు ఎన్నాళ్ల నుంచి అనేది ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. గడ్డి, పావురాలు, కూలర్, బీడీ, గని పని.. అడగకపోయినా అన్నీ చెప్పాలి. ఇక గడ్డి లాగేటప్పుడు ముక్కుకు చుట్టుకునే తువ్వాలు బూజు రేణువుల్ని ఆపదు. కనీసం ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి.. ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్లయితే ఆ పని వేరేవాళ్లకు అప్పగించడమే మేలు.