చక్రముల పనిముట్ల పెట్టె

విశాఖపట్టణము శ్రమజీవుల నగరము. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని 'జలదుర్గ' యను నావ ఇచ్చటి రేవులో ప్రవేశించెను. అదే సంవత్సరము డిసెంబరు 19వ తేదీని నాటి వైస్రాయి విల్లింగ్డను ప్రభువు ఆ రేవును ప్రారంభించెను. వాల్‌చంద్ హీరాచంద్ సంకల్పించిన నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21వ తేదీని బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసెను. అచ్చట తయారైన 'జల ఉష' యను నౌకను 1948 మార్చి 14వ తేదీని ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. 1971 జనవరి 20వ తేదీని శ్రీమతి ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారము 1992 ఆగస్టు 1వ తేదీని జాతికి అంకితము చేయబడెను.

ఇట్టి మహాకార్యములను గూర్చి చదివినప్పుడు మన కన్నులకు పెద్ద యంత్రములే కనబడును. కాని ఎంత పెద్ద యంత్రమైనను చిన్న పనిముట్టు సాయము లేక నిలువదు. సుత్తి, ఆకురాయి, పటకారు, స్పానరు, మూలమట్టము మొదలగునవి పనివాని చేతికి కొనసాగింపుల వంటివి. కంచరపాలెములోని పారిశ్రామిక శిక్షణాలయమున ఫిట్టరు పని నేర్చుకొనువారు మొదట చేతితో ఆకురాయి పట్టి లోహమును చదును చేయుట నేర్చుకొందురు. పిమ్మటనే యంత్రముల దగ్గరకు పోవుదురు.

కర్మాగారములలోను, రేవులోను పనిచేయు పెక్కుమందికి ఇంటి పెరటిలోనో, వసారాలోనో ఒక చిన్న పనిచోటు ఉండును. సెలవుదినములందు వారు అచ్చట సైకిలు బాగుచేయుదురు. విరిగిన కుర్చీకి కాలు అమర్చుదురు. ఇరుగుపొరుగువారి నీటిపంపు మరమ్మతు చేసి ఇత్తురు. ఉద్యోగము విరమించిన పిదప కొందరికి అదియే జీవనాధారమగును. అట్టి ఇండ్లలో తరచుగా కనబడు చిక్కు ఒక్కటి. పనిముట్లు ఉండును గాని, కావలసినప్పుడు దొరకవు. ఒకటి కిటికీలో, మరొకటి మంచము క్రింద, ఇంకొకటి గోనెసంచిలో ఉండును. ఉలి మీద సుత్తి పడి మొన విరుగును. సంచిలో చేయి పెట్టినవానికి రంపపు పళ్లు గ్రుచ్చుకొనును. "ఆడలేక మద్దెల ఓడు" అను సామెత పనిముట్లను నిందించువానిని ఎగతాళి చేయును. కాని మద్దెల నిజముగానే ఓడైనచో ఎంతటి విద్వాంసుడైనను ఏమి చేయగలడు?

ఈ చిక్కును తొలగించునది చక్రముల పనిముట్ల పెట్టె. ఇది సొరుగులుగల చిన్న బీరువా వంటిది. అడుగున నాలుగు చక్రములుండుటచే పనియున్న చోటికి దీనిని దొర్లించుకొని పోవచ్చును. బజారులో సిద్ధముగా దొరకు పెట్టెలు అందరికిని ఒకే విధముగా చేయబడినవి. వడ్రంగికిని, విద్యుత్పరికరములు బాగుచేయువానికిని, ఫిట్టరుకును కావలసిన పనిముట్లు వేరు. కావున పెట్టెను కొన్నను, చేయించుకొన్నను, తన పనికి తగినట్లు దానిని తీర్చిదిద్దుకొనుట అవసరము.

పనిముట్లను పెట్టెలో భద్రపరచుకొను అలవాటు నేటిది కాదు. ఇంగ్లండు రాజైన ఎనిమిదవ హెన్రీకి చెందిన 'మేరీ రోజ్' అను యుద్ధనౌక 1545 జూలై 19వ తేదీని సముద్రములో మునిగిపోయెను. 437 సంవత్సరముల పిమ్మట, 1982 అక్టోబరు 11వ తేదీని, దాని శిథిలమును పైకి తీసిరి. నౌకలోని వడ్రంగుల గదియందు వారి పెట్టెలును, పనిముట్లును లభించెను. ఆశ్చర్యమేమనగా, బురదలో కప్పబడియుండుటచే కర్రపిడులు చెడక నిలిచెను. ఇనుప అలుగులు మాత్రము చాలవరకు తుప్పుపట్టి నశించెను. అమెరికాలో హెన్రీ స్టడ్లీ అను పియానోల పనివాడు (1838-1925) గోడకు తగిలించు పెట్టె నొకటి చేసికొనెను. మూసినప్పుడు అది సుమారు ఒక మీటరు పొడవు, అరమీటరు వెడల్పు మాత్రమే. అయినను అందులో రెండువందలకు పైగా పనిముట్లు ఇమిడియుండెను. ప్రతి పనిముట్టునకు దాని ఆకారమునకు సరిపడు చోటు కల్పించుటయే అందలి రహస్యము.

పెట్టెను తీర్చిదిద్దుటకు పూనుకొనువాడు మొదట కొలబద్దను పట్టరాదు. తన పనిముట్లనన్నింటిని నేలపై పరచుకొనవలెను. వానిని మూడు రాసులుగా విభజింపవలెను. ప్రతిదినము వాడునవి ఒక రాశి. అప్పుడప్పుడు వాడునవి రెండవ రాశి. విరిగినవి, అరిగిపోయినవి, ఒకే పనికి రెండు మూడుగా ఉన్నవి మూడవ రాశి. మూడవ రాశికి పెట్టెలో చోటు లేదు. జపాను కర్మాగారములలో పుట్టి, భారతదేశమునను వ్యాపించిన 'ఐదు ఎస్' అను క్రమపద్ధతిలో మొదటి మెట్టు ఇదియే. అక్కరలేనిదానిని తొలగించుట, ఉన్నదానికి చోటు నిర్ణయించుట, శుభ్రపరచుట, ఆ పద్ధతిని స్థిరపరచుట, దానిని అలవాటు చేసికొనుట అనునవి ఆ ఐదు మెట్లు.

తరువాత సొరుగుల లోతు నిర్ణయింపవలెను. పై సొరుగు 5 సెంటీమీటర్ల లోతున్న చాలును. కొలత పరికరములు, స్క్రూడ్రైవర్లు అందులో ఒకే వరుసగా ఉండవలెను. ఒకదానిపై నొకటి పడియున్నచో సున్నితమైన కొలత పరికరము చెడిపోవును. నడిమి సొరుగులు 10 సెంటీమీటర్ల లోతుతో స్పానర్లకును, పటకారులకును తగియుండును. అడుగు సొరుగు 20 సెంటీమీటర్లుండి, సమ్మెట, విద్యుత్తుతో నడచు బరమ మొదలైన బరువు వస్తువులను భరింపవలెను. బరువు క్రిందికి చేరిన కొలది పెట్టె స్థిరముగా నిలుచును. పెట్టె ఎత్తు 85 లేక 90 సెంటీమీటర్లున్నచో దాని పైభాగమే చిన్న పనిబల్లగా ఉపయోగపడును.

చక్రముల విషయమున లెక్క అవసరము. పనిముట్లతో కూడ పెట్టె బరువు 120 కిలోగ్రాము లనుకొందము. చక్రములు నాలుగు గనుక ఒక్కొక్కటి 30 కిలోగ్రాములు మోసిన చాలునని తోచును. అది పొరపాటు. మూడు బిందువులు ఎప్పుడును ఒకే సమతలమున ఉండునని క్షేత్రగణితము తెలుపుచున్నది. నాల్గవ బిందువు విషయమున అట్టి నిశ్చయము లేదు. పెరటి నేల ఎగుడుదిగుడుగా ఉన్నచో ఒక చక్రము గాలిలో తేలి, భారమంతయు తక్కిన మూడింటిపై పడును. కావున బరువును మూడుతో భాగించి, ఒక్కొక్కటి కనీసము 40 కిలోగ్రాములు మోయగల చక్రములను ఎన్నుకొనవలెను. రెండు చక్రములు తిన్నగా మాత్రమే దొర్లునవిగాను, త్రోయు పిడి వైపునున్న రెండు చక్రములు అన్నివైపులకు తిరుగునవిగాను ఉన్నచో పెట్టెను నడుపుట సులభము. తిరుగు చక్రములకు బ్రేకు తప్పనిసరి. చక్రము మిక్కిలి చిన్నదైనచో గచ్చులోని పగుళ్లలో ఇరుకుకొనును. 10 సెంటీమీటర్లకు తక్కువగాని వ్యాసము మేలు.

పెట్టె ముందుకు ఒరిగి పడుట అన్నింటికంటె పెద్ద ప్రమాదము. తులాదండ సూత్రము తెలిసినవారు దీనిని ముందే లెక్కకట్టగలరు. సొరుగులు లేని పెట్టె బరువు 30 కిలోగ్రాములు. పనిముట్లతో నిండిన ఐదు సొరుగులు ఒక్కొక్కటి 10 కిలోగ్రాములు. అన్నింటి గురుత్వకేంద్రము ముందుచక్రములకు 20 సెంటీమీటర్ల వెనుకనున్నది అనుకొందము. సొరుగును 40 సెంటీమీటర్లు ముందుకు లాగినచో దాని కేంద్రము ముందుచక్రములకు 20 సెంటీమీటర్ల ముందునకు వచ్చును. అన్ని సొరుగులు మూసియున్నప్పుడు పెట్టెను నిలుపు బలభ్రామకము 80ని 20తో గుణింపగా 1600. ఒక సొరుగు తెరచినప్పుడు అది 1200. రెండు తెరచిన 800. మూడు తెరచిన 400. నాలుగు తెరచిన శూన్యము. అప్పుడు పిల్లవాడొకడు సొరుగుపై చేయి మోపినను పెట్టె మీదికి వచ్చును. ఈ కారణముచేతనే మంచి పెట్టెలలో ఒక సొరుగు తెరచియుండగా రెండవది తెరచుకొనకుండ అడ్డుకట్టు అమర్చుదురు. అట్టి అమరిక లేనిచోట 'ఒక్కసారికి ఒక్క సొరుగే' అను నియమము ఇంటిల్లిపాదికిని తెలియవలెను.

సొరుగులు సులభముగా కదలుటకు రెండు ఉపాయములు కలవు. కర్ర పట్టాలపై జారు సొరుగులకు మైనము రుద్దినచో రాపిడి తగ్గును. ఇనుప గుండ్లుగల పట్టాలు అమర్చినచో జారుడు స్థానమున దొర్లుడు కలుగును. జారుడు రాపిడికంటె దొర్లుడు రాపిడి చాల తక్కువ. అందుచే బరువైన సొరుగు కూడ వ్రేలితో లాగిన వచ్చును.

విశాఖపట్టణమున పనిముట్లకు ప్రబల శత్రువు సముద్రపు గాలి. ఇనుము తుప్పుపట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును కావలెను. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుముపై పేరుకొని గాలిలోని తేమను పీల్చుకొనును. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయుటచే తుప్పు త్వరితమగును. చెమటలోను ఉప్పు ఉండుటచే, తుడువక పెట్టిన స్పానరుపై కొన్నాళ్లకు వ్రేలిముద్రలే తుప్పుమరకలుగా తేలును. కావున పని ముగిసిన వెంటనే పనిముట్టును పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె పూయవలెను. సొరుగు అడుగున గుడ్డగాని, అట్టగాని పరచరాదు. అవి తేమను పట్టి ఇనుమునకు అంటించును. రబ్బరు చాప మేలు. తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములను ప్రతి సొరుగులోను ఉంచవచ్చును. రంగు మారు జాతి గుళికలైనచో అవి తేమతో నిండినట్లు రంగే తెలుపును. వేడిచేసి ఆరబెట్టిన మరల పనికివచ్చును. పెట్టెను కర్రతో చేయించువారు నావలకు వాడు ప్లైవుడ్డును కోరవలెను. దాని భారతీయ ప్రమాణసంఖ్య 710. మరమేకులు ఇత్తడివిగాని, తుప్పుపట్టని ఉక్కువిగాని కావలెను. అట్టి ఉక్కులో క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తక్కువగాక ఉండి, పైన కంటికి కానరాని రక్షణపొరను ఏర్పరచును. సొరుగుల పిడులకు ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పి లక్క పూసిన గుబ్బలు అందమునకు అందము, చేతికి నునుపు. లక్క పొర కర్రను తేమనుండి కొంత కాపాడును.

చివరి పని పనిముట్ల నీడలు గీయుట. ప్రతి పనిముట్టును సొరుగులో దాని చోట ఉంచి, చుట్టును పెన్సిలుతో గీత గీసి, ఆ ఆకారమును ఎరుపు రంగుతో నింపవలెను. సాయంకాలము సొరుగు తెరచినప్పుడు ఎరుపు కనబడినచో ఏదో లోపించినదని వెంటనే తెలియును. ఇది అలంకారము కాదు. విమానములను బాగుచేయు చోట్ల పనిముట్లనన్నింటిని సరిచూచుకొనిన గాని విమానమును పైకి పోనీయరు. యంత్రములో మరచిన ఒక్క స్పానరు ప్రాణములు తీయవచ్చును. ఇంటిలో సైతము పంకాపై మరచిన స్క్రూడ్రైవరు ఎవరి తలపైననో పడవచ్చును. పదునైన పనిముట్లున్న సొరుగునకు తాళము వేసి, తాళపుచెవి పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. చెట్లు కూలి దారులు మూసికొనిపోయెను, విద్యుత్తు నిలిచిపోయెను, ఇంటికప్పులు ఎగిరిపోయెను. అట్టి దినములలో రంపమును, సుత్తిని, పటకారును చీకటిలోనైనను చేయి చాచి తీసికొనగలవాడు తన ఇంటికే కాదు, వీధికంతటికిని ఆప్తుడగును. సంచిలో తడవుకొనువాడు ఎంత నేర్పరియైనను ఆ వేళకు అక్కరకు రాడు.

విజయదశమినాడు తెలుగు పనివారు పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజింతురు. ఆ గౌరవము ఒక్కనాటితో ముగియరాదు. ప్రతి సాయంకాలము తుడిచి, నూనె పూసి, దాని చోట దానిని ఉంచుట తక్కిన దినముల పూజ. అట్లు కాపాడబడిన సుత్తి తండ్రి చేతినుండి కొడుకు చేతికి, గురువు చేతినుండి శిష్యుని చేతికి చేరును. పిడి మారవచ్చును, పని మాత్రము సాగుచునే యుండును.